దారపు మిల్లు అమ్మాయి

ఆ రేడియో స్టేషనుకి ముప్పై ఒక్కేళ్ళు నిండాయి. ముప్పై రెండోది చూసే యోగం దానికి లేదని తేలిపోయింది. పెద్ద నగరంలోని కంపెనీ ఏదో కొనేసింది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా ఇక్కడివాళ్ళు మాట్లాడతారు. ఆ తరవాత పాటలూ మాటలూ అన్నీ అక్కడినుంచే వస్తాయి. ఇక్కడ మిగిలేది మేడమీది ఇనప స్తంభం ఒక్కటే.

పోయేముందు స్టేషను చరిత్రని ఒక గంటసేపు చెప్పి పోదామని పిల్ల యాంకరు పట్టుబట్టింది. ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. స్టేషను పుట్టినప్పుడు ఆమె ఇంకా ఈ లోకంలోకి రాలేదు. అందుకని నోటు పుస్తకం పట్టుకుని ఫోనక్క గదిలోకి వచ్చి కూర్చుంది.

ఫోనక్కకి అసలు పేరు ఒకటుంది గాని, జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. మొదటిరోజు నుంచీ ఆమె పని ఫోను ఎత్తడం. "ఏ పాట కావాలి? ఎవరి కోసం?" అని అడగడం, రిజిస్టరులో రాయడం, పాట ఎదురుగా గీత గియ్యడం. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. శనివారం సాయంత్రం ఆ కట్టలు చూసి, ఏ పాటకి ఎక్కువ ఉంటే అదే ఆ వారం మొదటి పాట. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆమె గీతలు మానలేదు. కంప్యూటరుకి జలుబు చేసిన రోజుల్లో ఆ గీతలే పరువు కాపాడాయి.

"ఫోనక్కా, మొదటి ఏడాది రిజిస్టర్లు కావాలి. ఇంకోటి, దారపు మిల్లు అమ్మాయి అడ్రసు కావాలి."

ఫోనక్క చేతిలోని టీ గ్లాసు సగం దారిలో ఆగింది.

"ఏ అమ్మాయి?"

"అదేంటక్కా! మన మొదటి అభిమాని. బుధవారం బుధవారం ఫోన్ చేసేదటగా. ఆవిడ మాట్లాడే టైముకి మా అమ్మమ్మ స్టవ్వు కూడా ఆపేసేదట, చప్పుడు లేకుండా. ఆదివారం ఆవిణ్ణి తెచ్చి స్టూడియోలో కూచోబెట్టామనుకో, ఊరంతా ఏడ్చేస్తుంది."

"ఎక్కడుందో ఎవరికి తెలుసే? పెళ్ళయి వెళ్ళిపోయింది."

"నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరికి ఏ పాట ఇష్టమో, ఎవరికి ఎవరితో మాటల్లేవో, అన్నీ నీ కడుపులోనే ఉన్నాయిగా."

"కడుపులో ఉన్నవన్నీ కక్కితే నువ్వు ఎత్తిపొయ్యలేవు. వెళ్ళు. రిజిస్టర్లు రేపిస్తాలే."

పిల్ల నవ్వుకుంటూ వెళ్ళింది. 

దారపు మిల్లు అమ్మాయి అనే మనిషి ఎప్పుడూ లేదు. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. ఓనరు పోయాడు. మైకు దగ్గర కూర్చున్న రేడియో అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. మిగిలింది ఫోనక్క.

స్టేషను మొదలైంది ఇనప సామాన్ల కొట్టు పైన, రెండు గదుల్లో. గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించి రంగేశారు. అయినా కింద కొట్లో మేకులు తూకం వేస్తే ఆ గలగల పాట మధ్యలో వినపడేది. రెండు రికార్డు ప్లేయర్లు, నూట పన్నెండు రికార్డులు, బంగారం లాంటి గొంతుతో రేడియో అన్నయ్య. అన్నీ ఉన్నాయి, ఫోను మాత్రం మోగేది కాదు. ఇళ్ళల్లో ఫోన్లు లేని రోజులు. పాట కావాలంటే ఏ మందుల షాపుకో వెళ్ళి, షాపాయన విసుగు భరించి ఫోన్ చెయ్యాలి. రోజుకి ముగ్గురో నలుగురో చేసేవారు. చేసినవాళ్ళు పాట ఒక్కటే అడిగి ఊరుకునేవారు కాదు. తమ కష్టం కూడా కాస్త చెప్పుకునేవారు. ఫోనక్క వినేది, రాసుకునేది.

మూడో నెలలో సబ్బుల కంపెనీ మనిషి వచ్చాడు. ప్రకటన ఇచ్చేముందు ఒక పూట కూర్చుని చూస్తానన్నాడు. గంట గడిచినా ఫోను మోగలేదు. ఓనరుకి చెమటలు పట్టాయి. రేడియో అన్నయ్య అద్దం కిటికీలోంచి ఫోనక్క వైపు చూసి, పిడికిలి చెవికి ఆనించి సైగ చేశాడు. ఆమెకి అర్థమైంది. తలుపేసుకుని, రెండో ఫోను తీసి, మాట్లాడే చోట పైటకొంగు కప్పి, గొంతు సన్నం చేసింది.

"అన్నయ్యా, నేను దారపు మిల్లులో పనిచేస్తానండీ."

"మిల్లు చప్పుళ్ళో మా పాట వినపడుతుందా తల్లీ?"

"చప్పుడు నాకు అలవాటేనండీ. మా అమ్మ మిషను కుట్టేది. చిన్నప్పుడు ఆ చప్పుడు ఉంటేగాని నిద్రపోయేదాన్ని కాదు. ఇప్పటికీ మిషన్లు మోగితే కళ్ళు మూసుకుపోతాయి. సూపర్‌వైజరు తిడుతున్నాడండీ."

సబ్బుల మనిషి పకపకా నవ్వాడు. ప్రకటన వచ్చింది. అంతకంటే పెద్ద విచిత్రం ఏమిటంటే, మర్నాటి నుంచి ఫోను మోగడం మొదలుపెట్టింది. "ఆ మిల్లు పిల్లకి నా తరఫున ఒక పాట వెయ్యండి" అని ఒకరు, "ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడు మాట్లాడుతుంది" అని ఇంకొకరు. బుధవారం బుధవారం పైటకొంగు కప్పక తప్పలేదు. చుట్టుపక్కల నాలుగు పట్నాల్లో ఆ స్టేషను పేరు మారుమోగిందంటే పునాది అక్కడ పడింది.

అలా మూడు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం నలభై అయిదు దాటినామె ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. మెడలో కొలత టేపు తీయడం కూడా మర్చిపోయింది. తరవాత ఫోనక్క ఆమెకి మిషనమ్మ అని పేరు పెట్టుకుంది.

"నా కూతురు మీకు ఫోన్ చేస్తోంది బాబూ. ఎక్కణ్ణించి?"

ఏ కూతురని రేడియో అన్నయ్య అడిగాడు.

"దారపు మిల్లు పిల్ల. అది నా పిల్లే. చదవట్లేదని టైలరు స్కేలుతో కొట్టాను. ఆ రోజే వెళ్ళిపోయింది. ఏడాదిన్నర అయింది. మిషను చప్పుడుంటేగాని నిద్రపోయేది కాదు అది. నాకూ దానికీ తప్ప ఆ మాట ఎవరికి తెలుసు? గొంతంటారా, దూదిదుమ్ముకి కాస్త మారినట్టుంది."

ఓనరు వెనకనుంచి కళ్ళెర్రజేశాడు. నిజం బయటపడితే స్టేషను నవ్వులపాలు. రేడియో అన్నయ్య తల దించుకున్నాడు. ముగ్గురిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. ఫోనక్క అంది.

"ఎక్కణ్ణించో చెప్పదమ్మా. క్షేమంగానే ఉన్నానంటుంది."

మిషనమ్మ అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "అంతే చాలు. రావడం ఇష్టం లేకపోతే రావద్దను. అమ్మకి కోపం లేదని ఒక్కమాట చెప్పు తల్లీ."

ఆ తరవాతి బుధవారం దారపు మిల్లు అమ్మాయి పాట అడిగాక, "మా అమ్మకి చెప్పండి అన్నయ్యా, నేను బాగున్నానని" అంది. ఆ ముక్క ఎవరూ అనమనలేదు. జాలిపడి ఫోనక్కే అంది.

నాలుగేళ్ళు అలా నడిచింది. ఫోన్లు ఎత్తలేనన్ని వస్తున్నాక ఇక ఆ పిల్ల అవసరం తీరిపోయింది. పెళ్ళయి దూరం వెళ్ళిందని రేడియో అన్నయ్య మైకులో చెప్పి, మంచి పాట వేసి సాగనంపాడు. ఏడాది తిరిగాక మిషనమ్మ మళ్ళీ మెట్లెక్కింది. చేతిలో పొట్లం. అందులో ఆరు పసిపిల్లల చొక్కాలు, గోరంత గోరంత గుండీలతో. "ఈపాటికి ఒళ్ళో బిడ్డ ఉండే ఉంటుంది. ఎప్పుడైనా ఫోన్ చేస్తే అడ్రసు అడిగి పంపించు" అని ఫోనక్క చేతిలో పెట్టి వెళ్ళింది.

ఆ పొట్లం ఫోనక్క బీరువా అడుగు అరలో ఇరవై ఆరేళ్ళుగా ఉంది. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, తిరిగి ఇవ్వడానికి ముఖం చెల్లలేదు.

పిల్ల యాంకరు కోసం రిజిస్టర్లు తీయాలంటే ముందు ఆ పొట్లం పక్కకి జరపాలి. జరిపింది. అన్నిటికన్నా అడుగున మొదటి రిజిస్టరు. అట్ట ఊడిపోయింది. దుమ్ము తుడిచి, ఊరికే పేజీలు తిప్పింది. మూడో వారం దగ్గర చెయ్యి ఆగింది. ఆమె దస్తూరీయే, కుర్రతనపు గుండ్రటి అక్షరాలు:

"మందుల షాపు నుంచి ఒకామె. మిషను కుడుతుందట. కూతురికి ఆ చప్పుడుంటేగాని నిద్ర పట్టేది కాదట. కూతురికి ఇష్టమైన పడవ పాట కావాలి. రికార్డు లేదని చెప్పాను."

చదివింది. మళ్ళీ చదివింది. తేదీ చూసింది. దారపు మిల్లు అమ్మాయి పుట్టడానికి రెండు నెలల ముందు.

ముప్పై ఏళ్ళుగా ఆమె ఒక మాటతో మనసుని జోకొట్టుకుంటూ వచ్చింది. నేను ఏదో కల్పించాను, ఎక్కడో ఒక అమ్మకి అది సరిపోయింది, నా ఖర్మ, ఆమె ఖర్మ అని. అది కల్పన కాదు. పొద్దస్తమానం పరాయివాళ్ళ మాటలు చెవిలో పోసుకునేవాళ్ళకి, ఏది తమ మాటో ఏది ఎవరు చెప్పిందో గుర్తుండదు. ఆ తల్లి ఫోనులో చెప్పుకున్న మాట ఎత్తుకుని, సబ్బుల మనిషి ముందు తన నోటి మాటగా వాడేసింది. ఆమె బిడ్డ గుర్తు ఆమెకే వినిపించి నమ్మించింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఇద్దరూ ఒంటరివాళ్ళే, ఒకే ఇంట్లో ఉంటారు. చెల్లెలు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మాట సూది మందులా ఉంటుంది. అంతా విని దుప్పటి దులిపింది.

"నాలుగు రోజులు ఓపిక పట్టు. స్టేషనుతో పాటే ఆ అబద్ధమూ పోతుంది."

"ఆదివారం ఆ పిల్ల చెబుతుందే. మిషనమ్మ వింటుంది. ఇంకా రోజూ వింటుందట."

"విననీ. ఎనభై దగ్గరపడ్డ మనిషి. కూతురు ఎక్కడో కాపురం చేసుకుంటోందనుకుని హాయిగా ఉంది. నువ్వెళ్ళి ఆ హాయి లాక్కుంటావా? నీ నెత్తిమీది మూట దించుకోవడానికి ఆమె నెత్తిన పెడతావా?"

"అంతేనంటావా?"

"అంతే. బావ ఉన్నప్పుడూ ఇంతే నువ్వు. చెయ్యాల్సినప్పుడు చెయ్యవు, అక్కర్లేనప్పుడు పరిగెడతావు."

ఫోనక్కకి చెల్లెలు అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు. అయినా తెల్లారాక చొక్కాల పొట్లం చంకలో పెట్టుకుని బయల్దేరింది.

మిషనమ్మ టైలరు షాపు వెనక ఒంటిగదిలో ఉంటోంది. కిటికీ దగ్గర మిషను, దాని పక్కన గుండీల డబ్బా. మిషను పైన అరలో గుడ్డ కప్పిన రేడియో. అందులోంచి పిల్ల యాంకరు గొంతు సన్నగా వస్తోంది.

"ఎవరూ?" కళ్ళు చికిలించి చూసింది. "రేడియో అమ్మాయివి కదూ? నడక చూస్తేనే తెలిసింది. మా పిల్ల ఫోన్ చేసిందా?"

ఫోనక్క నిలబడే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని భయం. సబ్బుల మనిషి, పైటకొంగు, మందుల షాపు నుంచి వచ్చిన ఫోను, రిజిస్టరులో రాసిన వాక్యం, ఒక్కటీ దాచలేదు. చెప్పడం అయిపోయాక గదిలో రేడియో ఒక్కటే మోగుతోంది. మిషనమ్మ లేచి, తడుముకుంటూ వెళ్ళి దాన్ని ఆపేసింది.

"అన్నిసార్లూ నువ్వేనా?"

"అన్నిసార్లూ నేనేనమ్మా."

"అమ్మకి చెప్పండి, బాగున్నానని అంది. అది?"

"నేనే."

"పెళ్ళి?"

"అది కూడా మేమే."

"మరి నా పిల్ల ఏదీ?"

ఫోనక్క వంగి కాళ్ళు పట్టుకోబోయింది. ముసలామె కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"లే. ఆ ఏడుపు బయటికి పోయి ఏడు. నేనడిగిందానికి చెప్పు."

"తెలీదమ్మా."

"నాకూ తెలీదు." ఆమె గొంతు పెరగలేదు. "అది పోయాక నెల నెలా మొదటి తారీకున తిరిగేదాన్ని. ఆసుపత్రికి, పోలీసు స్టేషనుకి, బస్టాండుకి. ఫొటో చూపించి అడిగేదాన్ని. బస్టాండులో పళ్ళమ్మే ఆయన, ఎర్ర సంచీ పట్టుకున్న పిల్లని చూశాను, వచ్చే నెల రామ్మా, ఆ బస్సు డ్రైవరుని అడిగి పెడతానన్నాడు. ఈలోపు మీ రేడియోలో అది మాట్లాడింది. ఇంక నేను పోలేదు. ఎందుకు పోతాను? క్షేమంగా ఉందన్నావుగా. పిల్ల బాగుందని చెప్పాక కూడా తిరిగితే దాని పరువు తీసినట్టని మానేశాను."

ఫోనక్కకి అప్పుడు తెలిసింది తను చేసిందేమిటో. ఒక తల్లిని మోసపుచ్చి సంతోషపెట్టానని ఇన్నాళ్ళూ బాధపడింది. తను ఆపేసింది ఒక వెతుకులాటని. ఎక్కడో ఒక పిల్ల ఎదురుచూసి ఉంటే, ఆ పిల్ల కోసం ఇంక ఎవరూ రాకుండా చేసింది.

మిషనమ్మ పొట్లం విప్పి చూసింది. చొక్కాలు తడిమింది. ఒకదానికి గుండీ వదులైతే వేలితో నొక్కి పెట్టింది. తరవాత రేడియో వెనకనుంచి ఒక ఫొటో తీసింది.

"ఆదివారం చెప్పు. పైటకొంగు అడ్డం పెట్టుకోకుండా నీ గొంతుతో చెప్పు. పదిహేడేళ్ళప్పుడు పోయింది, ఇప్పుడు నలభై తొమ్మిది. కుడిచేతి చూపుడు వేలిలో మిషను సూది దిగింది, గోరు రెండుగా చీలి పెరిగింది. అది వయసొచ్చినా మారదు. మీ ఫోను నంబరు చెప్పు. అందరికీ నోటికి వచ్చిన నంబరేగా."

"ఆదివారంతో స్టేషను అయిపోతుందమ్మా."

"ఎవరైనా సోమవారం చేస్తే?"

ఫోనక్క ఆ ప్రశ్న పట్టుకుని తిరిగొచ్చి, రెండు రోజులు టెలిఫోన్ ఆఫీసు చుట్టూ తిరిగింది.

ఆదివారం పదింటికి స్టూడియోలో ఫోనక్క మొదటిసారి మైకు ముందు కూర్చుంది. పిల్ల యాంకరుకి ముందురోజే అంతా చెప్పింది. విన్నాక ఆ పిల్ల నోటు పుస్తకం మూసేసింది. "మా అమ్మమ్మకి ఎలా చెప్పనక్కా?" అంది. ఆ తరవాత, "కంపెనీవాళ్ళు సంతోషంగా ముగించమన్నారు" అంది. చివరికి, "పన్నెండు దాకా స్టేషను మనదేలే" అని మైకు ఫోనక్క వైపు జరిపింది.

చరిత్ర అంతా వచ్చింది. కోడిగుడ్ల అట్టలు, మేకుల గలగల, కరెంటు పోయిన వరదరోజుల్లో బ్యాటరీ మీద నాలుగు రోజులు ఆగకుండా మాట్లాడిన రేడియో అన్నయ్య, గీతల కట్టలు. జనం నవ్వుకునే ఉంటారు. అప్పుడు ఫోనక్క చెప్పింది.

"దారపు మిల్లు అమ్మాయి లేదండీ. అది నేనే. మీ అందరికీ అబద్ధం చెప్పాను. ఒక తల్లికి ఇంకా పెద్ద అబద్ధం చెప్పాను."

రాసుకొచ్చిన కాగితం చూడకుండానే మిగతాదీ చెప్పింది. పిల్ల వయసు, ఎర్ర సంచీ, చీలిన గోరు. "అమ్మా, నువ్వు వింటుంటే, మీ అమ్మ వెతకడం మానింది నీ మీద ప్రేమ లేక కాదు. నా మాట నమ్మి." నంబరు మూడుసార్లు చెప్పింది. పిల్ల యాంకరు కంప్యూటరులో పడవ పాట క్షణంలో వెతికి పెట్టింది. ముప్పై ఒక్కేళ్ళ కిందట లేదని చెప్పిన పాట మొత్తం మోగింది.

పన్నెండయ్యేసరికి ఎవరిదో కొత్త గొంతు, ఎక్కడిదో ట్రాఫిక్ గురించి హుషారుగా చెప్పడం మొదలెట్టింది.

సోమవారం పొద్దున్న టెలిఫోన్ ఆఫీసు మనిషి ఆ స్టేషను నంబరుతోనే ఫోను తెచ్చి మిషనమ్మ గదిలో పెట్టాడు. ఫోనక్క ఒక ముక్కాలిపీట, కొత్త రిజిస్టరు, పెన్ను తెచ్చుకుంది. రోజూ ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్తుంది. మొదటి వారం ఫోను ఊపిరి పీల్చుకోలేదు. తిట్టినవాళ్ళే ఎక్కువ. "మా నాన్న పోయేదాకా ఆ పిల్ల ఎలా ఉందో అని అడిగేవాడు. నీకు సిగ్గు లేదా?" అని ఒకాయన ఫోన్లోనే ఏడ్చాడు. అన్నీ రాసింది. మధ్యలో అలవాటు కొద్దీ పాట అడిగి నాలిక కరుచుకున్నవాళ్ళూ ఉన్నారు. చీలిన గోరు ఉన్న మనిషిని చూశామని రెండు కబుర్లు వచ్చాయి. చెల్లెలు తన పాత ఆసుపత్రి పరిచయాలన్నీ తిరగేసి, తిట్టుకుంటూనే రెండు చోట్లకీ వెళ్ళొచ్చింది. ఇద్దరూ ఆమె కాదు.

మూడో వారానికి ఫోన్లు తగ్గాయి. మిషనమ్మ ఆమెతో మాట్లాడదు. మంచినీళ్ళు ఇవ్వదు, పొమ్మనదు. రేడియో మళ్ళీ పెట్టలేదు. కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళు సరిగ్గా కనపడకపోయినా చేత్తో తడుముకుంటూ చొక్కాల గుండీలు ఒక్కొక్కటే బిగించి కుడుతోంది. ఒకరోజు మాత్రం, ఫోనక్క వచ్చేసరికి, మిషను పక్కన బల్లమీది గుండీల డబ్బా కిందికి దిగి ఉంది. రిజిస్టరు పెట్టుకునేంత చోటు ఖాళీగా ఉంది. ఫోనక్క ఏమీ అనకుండా పుస్తకం అక్కడ పెట్టుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఫోను రాలేదు. ముసలామె తల వాల్చి కునుకు తీస్తోంది. రెండు గంటలు దాటాక మోగింది. ఫోనక్క చెయ్యి చాచి, ఎందుకో ఆగింది. ఈసారి కూడా కాదంటే ఆమెకి ఎలా చెప్పాలి అనిపించింది.

"ఎత్తు" అంది మిషనమ్మ కళ్ళు తెరవకుండానే.

మూడు వారాల్లో ఆమె అన్న మొదటి మాట అది. ఫోనక్క రిసీవరు అందుకుంది. ఏ పాట కావాలి అన్న మాట ముప్పై ఒక్కేళ్ళ అలవాటు మీద నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, తన సొంత గొంతుతో అంది.

"చెప్పండమ్మా, వింటున్నాను."